అమ్మకానికి పెట్టిన పడవ

షార్జా రోలాలో కూరగాయల కొట్టు దగ్గర ఎవరైనా తెలుగువాళ్ళు కలిసి "ఎక్కడుంటారండీ?" అని అడిగితే, "పడవలో" అంటాను. ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, "అంటే... అన్నయ్యగారు షిప్పులో పనిచేస్తారా?" అంటారు. కాదమ్మా, పడవ మాదే, తెరచాప పడవ, వంటా పడకా బట్టలారేసుకోవడం అన్నీ అందులోనే అని చెప్తే నా వంక జాలిగా చూస్తారు. ఫ్లాటు అద్దె కట్టుకోలేక పడవెక్కాం అనుకుంటారు కాబోలు. మొదట్లో ఓపిగ్గా వివరించేదాన్ని. ఇప్పుడా ఓపిక లేదు. కరివేపాకు ఇంకో రెండు కట్టలు అడిగి పుచ్చుకుని, మా రేవున్న ఉమ్ అల్ కువైన్ వెళ్ళే బస్సెక్కేస్తాను.

మా ఆయన రువైస్‌లో రిఫైనరీలో ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరుగా చేశారు. మీటరు చూపించేది నిజమా అబద్ధమా అని తేల్చడం ఆయన పని. జీవితంలో సగం కాలం కంపెనీ వాళ్ళిచ్చిన ఇంట్లో, కిటికీలోంచి ఇసకా గొట్టాలూ చూస్తూ గడిపాం. ఒక మంచి చీర కొనుక్కోవాలన్నా అబుదాబి దాకా ఆ తిన్నటి రోడ్డు మీద పడి పోవాలి. రిటైరయ్యాక ఆ ఇల్లు ఖాళీ చెయ్యాలి. అమ్మాయికి బెంగుళూరులో ఉద్యోగం, దాని బతుకు దానిది. మేమెక్కడుండాలా అని ఆలోచిస్తున్న రోజుల్లోనే కరోనా వచ్చింది. అప్పుడు ఒక యూరప్ టీచర్ల జంట ఉద్యోగాలు పోయి హడావిడిగా దేశం వెళ్ళిపోతూ పడవ అమ్మకానికి పెట్టారు. ఈయన ఊరికే చూసొద్దాం అన్నారు. కొందాం అన్నది మాత్రం నేను.

అందరూ అదేదో ఆయన పిచ్చి, నేను పతివ్రతలాగా వెంట నడిచాను అనుకుంటారు. ఒట్టి మాట! నేను గోదావరి లంకలో పుట్టినదాన్ని. హైస్కూలుకి రోజూ పడవలోనే వెళ్ళేదాన్ని, వరదొస్తే ఆ పడవలోనే నిలబడి ఎక్కాలు అప్పజెప్పుకునేదాన్ని. ఈయనేమో కాకినాడలో సముద్రం పక్కనే పుట్టి, నడివయసు వచ్చేదాకా ఈత రాని మనిషి. రువైస్ క్లబ్బు కొలనులో చిన్నపిల్లల మధ్య చేతులు కొట్టుకుంటూ నేర్చుకున్నారు. అయితే ఒకటి ఒప్పుకోవాలి. నేర్చుకోవడం మొదలెడితే ఆయన పట్టు మామూలుగా ఉండదు. పడవ కొన్నాక ఇంజను విప్పారు, తీగలన్నీ మార్చారు, తెరచాపలు దుబాయ్ అల్ ఖూజ్‌లో ఒక వర్క్‌షాపుకి మోసుకెళ్ళి దగ్గరుండి కుట్టించుకొచ్చారు. లైసెన్సు తెచ్చుకున్నారు. నేనూ తెచ్చుకున్నాను గానీ, చుక్కాని ఆయనదీ, వంటగది నాదీ అన్నట్టుగానే సాగింది చాలా కాలం.

పడవ కాపురం గురించి చాలామందికి తెలియని సంగతేమిటంటే, అందులో పని ఎప్పటికీ తెమలదు. తెల్లారి లేచి పైన పేరుకున్న ఉప్పూ దుమ్మూ తుడవాలి. గట్టుకి కట్టిన తాళ్ళు ఒరుసుకుపోతున్నాయేమో చూడాలి. ట్యాంకులో నీళ్ళెన్నున్నాయో చూసుకుని గిన్నెలు కడగాలి. ఎండాకాలంలో ఏసీ ఆగిందంటే ఉడికిపోతాం. పిండి రుబ్బి అలా పక్కనపెట్టి తలతిప్పేలోగా పులిసి పొంగి నేల మీదకి వస్తుంది. కానీ చలికాలం వచ్చిందా, ఇక ఆ సుఖం ఏ విల్లాలోనూ దొరకదు. పొద్దున్నే కాఫీ పట్టుకుని పైన కూర్చుంటే మడ అడవుల మీదుగా రాజహంసలు లేస్తాయి. నేను డెక్కు మీద చల్ల మిరపకాయలు ఎండబెట్టుకునేదాన్ని. పక్క పడవలో ఒక మలయాళీ పెద్దాయన ఒంటరిగా ఉంటారు. పెద్ద ఓడల మీద కెప్టెనుగా చేసి రిటైరైనవారు. అవి వేయించిన రోజు దగ్గుకుంటూ బయటికొచ్చి, "భాభీజీ, ఆజ్ ఫిర్ మిర్చీ? ఖలాస్, మై మర్ గయా!" అని అరిచేవారు. ఆ తర్వాత పెరుగన్నం గిన్నె పట్టుకుని నాలుగు మిరపకాయల కోసం వచ్చి కూర్చునేదీ ఆయనే.

అందరి పడవలకీ ఒక కల ఉంటుంది. మాది కాకినాడ. ఫిబ్రవరి దాటాక గాలి మనవైపు తిరుగుతుంది. అప్పుడు బయల్దేరి ఫుజైరా, మస్కట్, అక్కడినుంచి అరేబియా సముద్రం దాటి ముంబయి, తీరం వెంట కొచ్చి, శ్రీలంక చుట్టి తూర్పు తీరం ఎక్కాలి. వానలు మొదలయ్యేలోపు కాకినాడ రేవులో లంగరు వెయ్యాలి. "మా నాన్న గుమాస్తాగా పనిచేసిన రేవులోకి నేను నా పడవలో వెళ్ళాలే," అనేవారు. వాళ్ళ నాన్నగారు పోర్టు ఆఫీసులో జీవితమంతా పరాయివాళ్ళ ఓడల కాగితాలు రాసినవారు. ఆ మాట చెప్పేటప్పుడు ఈయన కళ్ళు వేరేగా ఉండేవి. అందుకే ఆ ప్రయాణం నాక్కూడా అంత ముఖ్యమైపోయింది.

ఇద్దరే ఉన్న పడవకి ఆటోపైలట్ మూడో మనిషి. ఇటు వెళ్ళు అని చెప్తే చాలు, చుక్కాని తనే తిప్పుకుంటూ అటే తీసుకెళ్తుంది. మనం అన్నం తినొచ్చు, ఓ కునుకు తీయొచ్చు. దానికి దిక్కు చెప్పే దిక్సూచి ఒక చిన్న నల్ల డబ్బా. పడవ మధ్యలో, సోఫా కింది అరలో చెక్క పలకకి బిగించి ఉంటుంది. అది లేకుండా సముద్రం దాటడమంటే ఇద్దరూ పగలూ రాత్రీ వంతులేసుకుని చుక్కాని పట్టుకు కూర్చోవాలి. మా వయసులో అది అయ్యే పని కాదు.

ఒక చలికాలం అది తప్పులు చెప్పడం మొదలెట్టింది.

ఉత్తరానికి వెళ్తే బాగానే వెళ్ళేది. పడమటికి తిప్పామో, తాగినవాడిలా పక్కకి పోయేది. మా ఆయన డబ్బా విప్పారు, తీగలు చూశారు, మళ్ళీ బిగించారు. గట్టు దగ్గర కట్టేసి ఉండగా ఫోన్లోని దిక్సూచితో పోల్చి చూస్తే ఒక పూట సరిగ్గా చూపించేది, ఇంకో పూట చూపించేది కాదు. పడవని నీళ్ళలో మెల్లగా గుండ్రంగా తిప్పితే డబ్బా తన తప్పు తనే సరిదిద్దుకుంటుందట. రేవు బయట తిప్పి తిప్పి నాకు కడుపులో వికారం పెట్టించారు. ఊఁహూఁ, డబ్బా ఒప్పుకోలేదు.

"ఏమే, నువ్వేమైనా బటన్ నొక్కావా?"

"నేను నొక్కితే నొక్కానని చెప్పే నొక్కుతాను. మీ డబ్బా జోలికి నేనెందుకొస్తాను?"

కొత్త డబ్బా తెప్పించారు. మొదట్లో ఓ పూట బాగానే ఉంది, తర్వాత అదీ అదే పాట. కెప్టెన్‌గారు వచ్చి బోర్లా పడుకుని టార్చి వేసి చూసి, ఏమీ లేదని తేల్చేశారు. మా ఆయనకి అన్నం సహించలేదు. ఆ అర మూత తీయడం, చూడటం, వేయడం. పది నిమిషాలాగి మళ్ళీ తీయడం. నాకు విసుగొచ్చేసింది. "అదేమైనా పురిటి బిడ్డా, గంటకోసారి తీసి చూడ్డానికి?" అని కసిరాను. ఎప్పుడూ ఇలాంటి మాటకి తిరిగి ఒకటి వెయ్యకుండా ఊరుకునే మనిషి కాదు. ఆ వేళ మూత వేసి పైకి వెళ్ళిపోయారు. అప్పుడు నాకు మొదటిసారి అనుమానం వచ్చింది.

ఆ సాయంత్రం పైన కూర్చుని ఉండగా తనే మొదలెట్టారు.

"మా నాన్న చివర్లో ఎలా అయిపోయాడో గుర్తుందా?"

గుర్తులేకేం. రోజూ జగన్నాథపురం వంతెన దాకా నడిచొచ్చే మనిషి, ఒకనాడు అదే వంతెన మీద నిలబడి, మా ఇల్లెటు బాబూ అని రిక్షా అతన్ని అడిగారు. తర్వాత తర్వాత ఈయన్నే ఎవరు నువ్వు అని అడిగారు.

"నాన్నకి మొదలైంది ఈ వయసులోనే. నేను పొద్దున్న ఆ తీగ చూశానా లేదా అన్నది మధ్యాహ్నానికి నాకు తెలీట్లేదే. చూశాననుకుంటాను. చూళ్ళేదేమో అనుకుంటాను. ఇన్నేళ్ళు ఎంత పెద్ద ప్లాంటులో తప్పు ఎక్కడుందో వాసన చూసి చెప్పినోణ్ణి. ఇంత డబ్బాలో తప్పు దొరకట్లేదంటే, తప్పు డబ్బాలో లేదు. నాలోనే ఉంది."

"చాల్లెండి ఊరుకోండి. పాడు మాటలు!"

"నడిసముద్రంలో నాకు దిక్కు తెలీకపోతే నిన్నేం చెయ్యను? పడవ అమ్మేద్దాం."

నాకు ఒళ్ళు మండిపోయింది. డబ్బా పాడైతే పడవ అమ్ముతారా, రేపు చెప్పు తెగితే కాలు కోయించుకుంటారా అని నోటికొచ్చినట్టల్లా అన్నాను. అరవడం అరిచాను గానీ లోపల భయపడ్డాను. ఎందుకంటే ఆయన కోపంగా చెప్పలేదు. ముందే నిర్ణయం చేసుకుని, నాకు నొప్పి కలగకుండా చెప్పాలని చూస్తున్నారు. డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే వద్దన్నారు. వాళ్ళు చెప్తే ఇంక అదే నిజమైపోతుందట.

మర్నాడే ఫోటోలు తీసి ఆన్‌లైన్లో పెట్టేశారు. కాకినాడ దాకా గీసిన పటం చుట్టి, రబ్బరు వేసి, మంచం కింద పెట్టారు. నేను ఆ పటం తీసి మళ్ళీ బల్ల మీద పరిచాను. ఆయన మళ్ళీ చుట్టారు. ఇలా కొన్నాళ్ళు నడిచింది మా ఇద్దరికీ, మాటల్లేకుండా.

కొనడానికి మొదట వచ్చింది మన తెలుగువాళ్ళే కావడం నా ఖర్మ. హైదరాబాద్ పిల్లలు, మొగుడూ పెళ్ళాం, దుబాయ్‌లో ఐటీ ఉద్యోగాలు. చక్కటి జంట, తిట్టుకోవడానిక్కూడా మనసు రాలేదు. ఆ అమ్మాయి మెట్లు దిగి లోపలికొచ్చి, "ఆంటీ, ఇల్లు లెక్కనే ఉంది కదా, కిచెన్ మస్తుంది!" అని సంబరపడిపోయింది. అలా సముద్రంలోకి తీసుకెళ్ళి చూపించమన్నారు. మా ఆయన మోసం చేసే రకం కాదు కదా, గట్టు మీదే చెప్పేశారు. "ఆటోపైలట్ దారి తప్పుతుంది. ఎందుకో నాకు దొరకలేదు. కావాలంటే చూపిస్తాను."

రేవు దాటాం. గాలి బాగా తక్కువ, పడవ ఒరగనే లేదు, నీళ్ళు కదలకుండా ఉన్నాయి. మామూలుగా నేను పడవ నడుస్తుండగా దోసెలు వెయ్యను. ఒరిగిందంటే పెనం జారుతుంది, కాలు పోతుంది. బయట ఉన్నంతసేపూ బ్రెడ్డో అటుకులో. కానీ ఆ వేళ నీళ్ళలా ఉన్నాయి, ఇంటికి మనుషులొచ్చారు. పడవ అమ్మేస్తున్నామని వచ్చినవాళ్ళకి టిఫిన్ పెట్టకుండా పంపుతామా? పిండి ఉంది. వంటగది అరలోంచి పెనం తీశాను. రాజమండ్రిలో కొన్న ఇనప పెనం. ఎత్తితే చెయ్యి లాగుతుంది. విమానం ఎక్కేటప్పుడు బ్యాగులో ఇదేంటమ్మా అని ఆపి మరీ చూశారు దాన్ని. దోసె అంటే దాని మీదే వెయ్యాలి, ఆ నల్లపూత పెనాల మీద కాలేదాన్ని నేను దోసె అనను.

నేను దోసెలు పోస్తుంటే పైన ఆయన ఆటోపైలట్ వేసి పడమటికి తిప్పారు. "ఇప్పుడు చూడండి, పక్కకి పోతుంది," అన్నారు.

పోలేదు. గీత గీసినట్టు వెళ్ళింది.

"మంచిగనే పోతుంది కదా అంకుల్," అన్నాడు ఆ అబ్బాయి.

మళ్ళీ తిప్పారు. దక్షిణం, మళ్ళీ పడమర. బంగారంలాగా నడిచింది. నేను ప్లేట్లు అందించడానికి రెండు మెట్లెక్కి ఆయన మొహం చూశాను. సంతోషించాల్సింది పోయి ఆ మొహంలో నెత్తురు చుక్క లేదు. వంగి నా చెవి దగ్గర మెల్లగా, "లేని తప్పు చూశానా నేను ఇన్నాళ్ళూ?" అన్నారు. కెప్టెన్‌గారు కూడా చూశారు కదండీ, నేనూ చూశాను కదా అన్నాను. ఆయన వినిపించుకోలేదు. చుక్కాని పక్కన కూర్చుని తన చేతులకేసి చూసుకుంటున్నారు.

కిందకి దిగాను. ఏడుపొస్తోంది, కానీ చేతిలో పనుంటే నేను ఏడవను. స్టవ్వు కట్టేసి, గిన్నెలు కడిగి, పెనం చల్లారాక తుడిచి దాని చోట్లో దోపాను. వంటగది అరలో పక్క పలకకి ఆనించి నిలబెడితే అది అక్కడ కదలకుండా ఉంటుంది.

పడవ గిర్రున పక్కకి తిరిగింది. పైన ఆ అమ్మాయి కాఫీ ఒలికిపోయి కెవ్వుమంది.

"చూశారా! చూశారా!" మా ఆయన అరిచారు. తప్పు మళ్ళీ కనబడ్డందుకు ఒక మనిషి అంత సంతోషంగా అరవడం నేనెప్పుడూ వినలేదు.

ఆ గోలలోనే అబ్బాయి మెట్ల మీంచి తల వంచి, "ఆంటీ, ఇంకొక్కటి దొరుకుతదా? కారం జర ఎక్కువ," అన్నాడు. సరే, పెనం బయటికి లాగాను. పడవ మళ్ళీ తిరిగి తన దారిలోకొచ్చేసింది.

నేను కదలకుండా నిలబడ్డాను. పెనం చేతిలో ఉంది. పెట్టాను. పడవ తిరిగింది. తీశాను. వెనక్కొచ్చింది. ఆ పలక అవతల ఏముంది? సోఫా అర. సోఫా అరలో ఏముంది? ఆ నల్ల డబ్బా. ఇనుము దగ్గరికొస్తే దిక్సూచి ముల్లు పిచ్చెక్కుతుందని మాకు ఏడో తరగతిలోనే చెప్పారు! ఇన్నాళ్ళూ అందరూ అటునుంచే మూత తీసి చూశారు, ఇటువైపు వంటగది కదా, ఇక్కడ ఎవరు చూస్తారు? గట్టు దగ్గర నేను దోసెలు వేసిన పూట అది నిజం చెప్పింది. పెనం లోపలున్న పూట అబద్ధం చెప్పింది. నమ్మకం కుదరక ఇంకోసారి పెట్టి తీశాను.

"ఎవరయ్యా తిప్పుతోంది పడవని?" పైనుంచి కేక.

పెనం రెండు చేతులా పట్టుకుని మెట్లెక్కాను. "ఏవండీ, మీ దెయ్యం దొరికింది. ఇదిగో!"

ఆయనకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చుక్కాని నాకప్పగించి, పెనం పట్టుకుని కిందకి ఉరికారు. దగ్గర పెట్టడం, దూరం జరపడం, చుక్కాని దగ్గరి తెర మీద అంకెలు ఎంత మారాయో నన్ను పైనుంచి చదివి చెప్పమనడం. నేను చదువుతున్నకొద్దీ కిందనుంచి నవ్వు. ఆ నవ్వు ఆగింది. వంగి చూస్తే నేల మీద కూర్చుని, పెనం ఒళ్ళో పెట్టుకుని, కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నారు. నేను తల పైకి తిప్పేసుకున్నాను. నాక్కూడా కళ్ళు మసకేశాయి, చుక్కాని పట్టుకున్న మనిషికి అది మంచిది కాదు.

పైకొచ్చి ఆ పిల్లలకి చేతులు జోడించారు. "ఏమీ అనుకోకండి నాయనా. పడవ అమ్మట్లేదు."

వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. "గిదేంది అంకుల్, ఇంత దూరం వచ్చినం!" అన్నాడు అబ్బాయి. వాళ్ళావిడ మోచేత్తో పొడిచి, "పోనీ తియ్, దోసెలైతే తిన్నం కదా," అంది. ఇంకా కొన్ని పోసి పెట్టాను. కడుపునిండా తిని, నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తారు, మంచి పిల్లలు.

వాళ్ళు వెళ్ళాక ఆయన పెనాన్ని అటూ ఇటూ తిప్పుతూ అడిగారు. "అసలు దీన్ని తీసుకెళ్ళి ఆ పలక పక్కన ఎవరెట్టారే?"

హాస్యమాడుతున్నారనుకున్నాను.

పెట్టింది ఆయనే. ఆ చలికాలం మొదట్లో, మేం రాస్ అల్ ఖైమా నుంచి తిరిగొస్తుండగా పడవ ఒరిగి పెనం జారింది. తిన్నగా ఆయన కాలి బొటనవేలి మీద పడింది. గోరు నల్లబడిపోయింది. తిట్టుకుంటూ కుంటుకుంటూ, తనే వంటగది అర తెరిచి, పలకకీ అడ్డకర్రకీ మధ్య దాన్ని దోపి, కదిపి చూసి, "ఇదిగో, ఇంక చచ్చినా జారదు. ఇకమీదట ఇక్కడే ఎట్టు," అన్నారు. నేను నూనెలో పసుపు కాచి వేలికి పట్టించాను. ఆయన ఎక్కడ పెట్టమన్నారో నేను ఆ రోజునుంచీ అక్కడే పెడుతున్నాను.

ఆయన మొహంలోకి చూశాను. అక్కడ ఏ హాస్యమూ లేదు. పెనం పడిన సంగతి గానీ, వేలు గానీ, ఏదీ గుర్తున్న జాడ లేదు. అప్పుడే తలంటి పోసుకొచ్చిన పిల్లాడి మొహంలా ఉంది. ఇన్ని రోజుల భయం ఆ ఒక్క పూటలో దిగిపోయి, ఎంత తేలిగ్గా ఉన్నారో!

"నేనే," అన్నాను.

"నువ్వా?"

"నేనే. జారకుండా ఉంటుందని."

ఇంక చూడాలి! "ఓసి నీ దుంపతెగా! దిక్సూచి పక్కన ఇనుమెట్టావా! నా మతి పోయిందనుకున్నాను కదే! పడవ అమ్ముకునేవాణ్ణి కదే!" అని జెట్టీ అదిరేలా అరిచి, ఆ అరుపులోనే నవ్వి, కెప్టెన్‌గారిని పిలిచి, పెనం చూపించి, అభినయంతో సహా మొత్తం చెప్పారు. కెప్టెన్‌గారు నా వంక చూసి, "భాభీజీ, ఆప్ తో ఖతర్నాక్ హో," అని పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. అలవాటు లేని పని కదా, తిట్లు తిని నోరు మూసుకుని నవ్వడం. కష్టంగానే ఉంది.

కాలి మీద పెనం పడిన సంగతి ఎవరైనా మర్చిపోవచ్చు. నేను కళ్ళద్దాలు నెత్తిన పెట్టుకుని పడవంతా వెతికిన రోజులున్నాయి. అలా నాకు నేను నచ్చజెప్పుకున్నాను, సగం నమ్మాను. మిగతా సగం కోసం పని మొదలెట్టాను. ప్రయాణానికి ముందు ఇద్దరం ఒంటి పరీక్షలు చేయించుకోవాలి, అందరూ చేయించుకునే వెళ్తారు అని లాక్కెళ్ళాను. హుషారుగా ఉన్నారు కాబట్టి వచ్చారు. డాక్టరమ్మ ఏవేవో అడిగింది, బొమ్మలు గీయించింది, అన్నిటికీ చెప్పారు. ఇప్పటికి కంగారు పడాల్సిందేం లేదు, ఆర్నెల్ల తర్వాత మళ్ళీ రమ్మంది. విడిగా నేను అడిగితే, నాకూ అదే చెప్పింది. అప్పుడే ఏదీ చెప్పలేమంది.

చెప్పలేకపోతే మానె. నేను వంటగదిలోంచి బయటికొచ్చాను. "మీకేదైనా జ్వరమొస్తే నడిసముద్రంలో నేనేం చెయ్యాలి? నేర్పండి," అన్నాను. నిజమే కదా అని నేర్పారు. ఇంజను డీజిల్ గొట్టంలో గాలి ఎక్కడ చిక్కుకుంటుందో, ఎలా విడిపించాలో నేర్చుకున్నాను. గాలి పెరిగితే తెరచాప ఎంత కుదించాలో, పటం మీద గీత ఎలా గియ్యాలో, రేడియోలో ఏం చెప్పాలో, అన్నీ. పడవని గట్టుకి ఆనించడంలో రెండుసార్లు జెట్టీని గుద్దాను. మూడోసారి నుంచి ఆయనకంటే నేనే బాగా ఆనిస్తున్నాను, ఈ సంగతి ఎవర్ని అడిగినా చెప్తారు. గోదావరి పిల్లని, నాకు నీళ్ళు కొత్తా? కెప్టెన్‌గారు కూడా కొచ్చి దాకా మాతో వస్తారు. ఆయన పడవ అమ్ముకుని ఊరెళ్ళిపోదామనుకుంటున్నారట. "మాతో రండి సాబ్, దారిపొడుగునా మిరపకాయలు," అన్నాను. ఇంకో మాట లేకుండా ఒప్పుకున్నారు. ఎందుకు రమ్మన్నానో కెప్టెన్‌గారికి చెప్పలేదు. తెలుసనే అనుకుంటాను.

ప్రయాణం కూడా మార్చాను. ముంబయి చేరాక ఒక్క దూకులో కాదు, తీరం వెంట, రేవు రేవుకీ ఆగుతూ. ముంబయిలో డాక్టరుంటాడు, కొచ్చిలో ఉంటాడు. దేవుడి దయవల్ల కాకినాడలో బోలెడుమంది ఉన్నారు.

మొన్న శనివారం ఆ హైదరాబాద్ పిల్లలు వీడ్కోలు చెప్పడానికి స్నేహితుల్ని వెంటేసుకుని వచ్చారు. అందరూ డెక్కు మీద కూర్చున్నారు. పటం బల్ల మీద పరిచి ఉంది. ఎవరో కదిపారు, మా ఆయన పెనం కథ ఎత్తుకున్నారు. ఎన్నిసార్లు చెప్పినా కొత్తగానే చెప్తారు. కాఫీ ఒలకడం, పడవ గిర్రున తిరగడం, నేను పెనం ఎత్తుకుని పైకి రావడం. అందరూ పగలబడి నవ్వుతున్నారు. నేను దోసె తిరగేస్తూ కిందనుంచి వింటున్నాను.

"అసలు నేను ఆ రోజే చెప్పాను," అంటున్నారు ఆయన. "పెనం నా కాలి మీద పడితే, తీసుకెళ్ళి ఆ అరలో దోపబోయింది. ఒసే, పలక అవతల దిక్సూచి ఉంది, ఇనుము అక్కడెట్టకే అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. వింటేనా! ఏమే, చెప్పానా లేదా?"

ఈ ముక్క ఇన్నిసార్లలో ఎప్పుడూ చెప్పలేదు. దోసె మాడుతోంది. తీసి పళ్ళెంలో వేశాను.

"చెప్పారండీ," అన్నాను.